ఎడారికీ కడలికీ నడుమ

యాత్ర అనగానే మనవారి మనస్సులో సాధారణంగా రెండు తలంపులే మెదలుతాయి. ఒకటి తీర్థం, రెండవది వినోదం. ఇటీవల మూడవది ఒకటి వచ్చి చేరినది. సందడి లేని చోటు, మనిషి చేయి పడి చెడిపోని చోటు ఎక్కడ ఉన్నదా అని వెదకుకొంటూ పోవడం. నగరాలలో ఊపిరి సలపక ఉండేవారికి ఈ కోరిక కలగడం సహజమే. నాకూ కలిగినది. ఇరవై ఎనిమిదేండ్లుగా తరగతిగదిలో ప్రబంధాలలోని సముద్రవర్ణనలు చెపుతున్నవాణ్ణి. ఆ సముద్రాన్ని ఎవరూ లేని ఒడ్డున నిలబడి ఒక్కసారి చూడవలెనని మొన్నటి శీతకాలంలో, సంక్రాంతి సెలవులకు బయలుదేరినాను. వెంట నా భార్య, భూగోళశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన మిత్రులు ఒకరు ఉన్నారు. మేము ఎంచుకొన్నది మన దేశపు పడమటి కొన. గుజరాత్ రాష్ట్రంలో, కచ్ఛ్ జిల్లాలో, లఖ్‌పత్, నారాయణ సరోవరం, కోటేశ్వరం అనే మూడు ఊళ్ళున్న తీరం అది. దానికి ఒక ప్రక్క ఎడారి, ఒక ప్రక్క కడలి.

వెళ్ళి వచ్చిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చెప్పదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఒక చోటును చూచి “ఎంత ప్రశాంతంగా ఉన్నది!” అని మనం మురిసిపోయే ముందు, ఆ ప్రశాంతి అక్కడికి ఎట్లా వచ్చినదని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగని యాత్ర కంటికి విందు కావచ్చును గాని, బుద్ధికి మేత కాదు.

భాష చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక ముందుగా పేర్ల దగ్గర మొదలుపెడతాను. సంస్కృతంలో కచ్ఛమంటే నీటి ఒడ్డున ఉండే చిత్తడి నేల. ఆ జిల్లాకు ఉత్తరాన పరచుకొన్న ఉప్పు ఎడారిని ‘రణ్’ అంటారు. ఆ మాట ‘ఇరిణం’ అనే సంస్కృత పదం నుండి వచ్చినదని పండితులు చెపుతారు. ఇరిణమంటే పైరు మొలవని చవిటినేల. మన కోస్తా రైతులు ‘ఉప్పుపర్ర’ అనేదానికి దగ్గరి మాట. ఒక పేరులో తడి ఉన్నది, ఒక పేరులో ఎండిపోయిన ఉప్పు ఉన్నది. రెండూ ఒకే సీమకు చెందినవి. వానాకాలంలో రణ్ అంతటా నీరు నిలుస్తుంది; శీతకాలానికి ఆ నీరు ఇంకి, ఆవిరై, తెల్లని ఉప్పుపొర మిగులుతుంది. అంటే ఆ నేల ఏటేటా కొన్నాళ్ళు నీరు, కొన్నాళ్ళు నేల. ఈ సంగతి మా మిత్రులు దారిలో చెప్పినపుడు, ఆ సీమ చరిత్రకంతకూ ఇదే నాంది అని నేను గ్రహించలేదు.

భుజ్ పట్టణం నుండి లఖ్‌పత్ సుమారు 135 కిలోమీటర్లు. తుమ్మలు, ముళ్ళపొదలు, అక్కడక్కడ గొర్రెలమంద, మధ్యలో పానంధ్రో దగ్గర లిగ్నైటు గనులు. ఆ నల్లని గుట్టలు దాటిన తరువాత మరల శూన్యం. చివరకు, ఆ శూన్యంలో ఒక్కసారిగా, ఇటువంటి చోట ఎవరూ ఊహింపని కోటగోడ కనబడినది. చుట్టుకొలత సుమారు ఏడు కిలోమీటర్లు. 1801లో కచ్ఛ్ సేనాని జమాదార్ ఫతే మహమ్మద్ దానిని విస్తరించి కట్టించినాడు. బురుజు మీదికి ఎక్కినాము. బయట ఉత్తరాన చూపు ఆనినంత మేర బూడిదరంగు బురద, ఉప్పు. లోపల కూలిన మొండిగోడలు, ముళ్ళచెట్లు, నున్నని రాతిచెక్కడపు సమాధి ఒకటి, ఒక గురుద్వారా, కొన్ని కుటుంబాలు మాత్రం నివసించే చిన్న పల్లె.

నా భార్య చాలసేపు చూచి అన్నది: “ఏమండీ, ఇంత గోడ కట్టుకొన్నారు గదా, లోపలివాళ్ళంతా ఎక్కడికి పోయినారు?”

మేము వినదలచుకొన్న ప్రశాంతి అక్కడ నిండుగా ఉన్నది. గాలి చప్పుడు తప్ప మరొకటి లేదు. కాని ఆ ప్రశ్న విన్న తరువాత ఆ నిశ్శబ్దం నాకు మునుపటివలె వినబడలేదు.

లఖ్‌పత్ చరిత్ర సంగ్రహంగా ఇది. సింధునది తూర్పుపాయ ఒకటి ఈ కోట ప్రక్కనుండి పారి కోరి సముద్రపుపాయ ద్వారా కడలిలో కలిసేది. ఆ నీటి మీద వరిపైరు పండేది. ఆ నీటి మీదనే పడవలు సింధుదేశం లోపలికి పోయేవి. రేవుకు రోజుకు లక్ష కోరీల రాబడి ఉండేదనీ, అందుకే లఖ్‌పత్ అనే పేరు వచ్చినదనీ జనశ్రుతి. కోరీ అంటే కచ్ఛ్ సంస్థానపు వెండి నాణెం. గురునానక్ మక్కాయాత్రకు పోతూ ఇక్కడ బస చేసినాడని సిక్కుల విశ్వాసం. ఆయనవని చెప్పే పాదుకలు నేటికీ ఆ గురుద్వారాలో ఉన్నవి. 2001 జనవరి 26నాటి భూకంపంలో దెబ్బతిన్న ఆ కట్టడాన్ని శ్రద్ధగా బాగుచేసినందుకు 2004లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించినది.

ఇంతటి రేవు ఎందుకు పాడుపడినది? అందరూ చెప్పే జవాబు భూకంపం. 1819 జూన్ 16న వచ్చిన ఆ భూకంపంలో రణ్‌లో ఒకచోట నేల క్రుంగి, సింద్రీ అనే కోటను సముద్రపు నీరు ముంచివేసినది. దానికి ఉత్తరాన నేల పైకి లేచి, సుమారు 80 కిలోమీటర్ల పొడవున ఒక గట్టు ఏర్పడినది. ఎవరూ తట్ట మోయకుండా, పలుగు పట్టకుండా ఒక్కరోజులో లేచిన ఆ గట్టును చూచి జనులు ‘అల్లాబంద్’ అని పేరుపెట్టినారు. దేవుడు కట్టిన కట్ట అని అర్థం. ఈ వృత్తాంతాన్ని స్కాట్లండ్ భూగర్భశాస్త్రజ్ఞుడు చార్లెస్ లయల్ తన గ్రంథంలో చేర్చినందువల్ల లోకమంతటా చదువుకొన్నారు. నది దారి తప్పినది, రేవు ఎండినది, వర్తకులు వలసపోయినారు. కథ ఇంతటితో ముగిసినట్లే కనబడుతుంది.

కాని మా మిత్రులు అక్కడ ఆగనీయలేదు. బురుజు మీద కూర్చుండి, పాఠం చెప్పినట్లే చెప్పినారు. “మాస్టారూ, దేవుడు కట్ట కట్టక ముందే మనిషి కట్టినాడు. 1762లో ఝారా యుద్ధం జరిగిన తరువాత, సింధు ప్రభువు గులాం షా కల్హోరా కచ్ఛ్ మీద కక్షతో ఈ పాయకు ఎగువన మోరా దగ్గర అడ్డుకట్ట వేయించినాడు. తరువాతి ప్రభువులు మరికొన్ని వేసినారు. వరిచేలు భూకంపానికి అర్ధశతాబ్దం ముందే ఎండడం మొదలుపెట్టినవి. 1819 చేసినదల్లా ఆ తలుపుకు గొళ్ళెం పెట్టడం.” ఆయన మరొక మాట కూడ చెప్పినారు. 1826లో సింధునదికి పెద్ద వరద వచ్చి, అల్లాబంద్‌ను కూడ కోసికొని నీరు మరల ఈ వైపునకు వచ్చినదట. కొంతకాలమే. తరువాత ఆ దారి కూడ మూసికొనిపోయినది.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన సామెత. ఇక్కడ నీరు పల్లమెరిగి, తన దారి తాను వెదకుకొంటూ వచ్చినది. నిజం మాత్రం దేవుడి మీదకు నెట్టి మనం ఊరుకొన్నాము. భూకంపం పేరు బడిపిల్లలకు తెలుసును. మోరా అడ్డుకట్ట పేరు తెలియదు. ప్రకృతి చేసిన ఉపద్రవాలకు తేదీలు వ్రాసిపెట్టుకొంటాము. మనిషి తాపీగా చేసిన ఉపద్రవాలకు తేదీ ఉండదు.

కనుక లఖ్‌పత్‌ను ‘చెడిపోని చోటు’ అనడం నాకు సరియని తోచదు. అది చెడిపోయి, చాలకాలం మరుగున పడి, ఇపుడు అందంగా కనబడుతున్న చోటు. ఆ నిశ్శబ్దం పుట్టుకతో వచ్చినది కాదు. నీరు ఆగిపోగా మిగిలినది. దూరపు కొండలు నునుపు అన్నట్లే, దూరపు శిథిలాలు ప్రశాంతంగా ఉంటాయి.

మరునాడు సుమారు ముప్పది కిలోమీటర్ల దూరంలో ఉన్న నారాయణ సరోవరానికి పోయినాము. మానస, బిందు, పంపా, పుష్కర సరోవరాలతో కలిపి దీనిని పంచసరోవరాలలో ఒకటిగా చెపుతారు. పంపాసరోవరం హంపీ చెంత ఉన్నది కనుక ఆ అయిదింటిలో ఒకటి మన తెలుగువారికి పరిచితమే. అక్కడికి చేరువలోనే, నీటి అంచున, కోటేశ్వరాలయం. గోకర్ణంలో మనం వినే రావణుని ఆత్మలింగకథ వంటిదే ఇక్కడా ఉన్నది. జారవిడిచిన లింగం కోటిలింగాలైనదట. ఆలయపు మెట్ల మీద నిలబడితే ఎదుట కోరి సముద్రపుపాయ, దానికి ఆవల బురద దీవులు, ఆ దీవుల మీద పొట్టి ఆకుపచ్చని మడచెట్లు. నేను ప్రబంధాలలో చదివిన ఉత్తుంగ తరంగాలు ఇక్కడ లేవు. ఆటుకు నీరు మెల్లగా వెనుదీసి, పోటుకు మెల్లగా వచ్చే నీడవంటి సముద్రం.

ఆ సాయంకాలం అక్కడ నేను చూచినదానిని మరచిపోలేను. పది పన్నెండు ఒంటెలు బురదగట్టు దిగి, నీటిలో ప్రవేశించి, మెడలు మాత్రం పైకి పెట్టుకొని ఈదుకొంటూ అవతలి దీవికి పోయినవి. వాటిని ఖారాయి ఒంటెలంటారు. ఖారా అంటే ఉప్పన. ఎడారి మేతతోపాటు మడ ఆకులను మేసే జాతి ఇది. మేతకోసం మూడు కిలోమీటర్ల వరకు ఈదగలదని చెపుతారు. 2015లో దీనిని ప్రత్యేకమైన జాతిగా మన దేశంలో గుర్తించినారు. ఫకీరాణీ జత్‌లు, రబారీలు తరతరాలుగా వీటిని పెంచుతున్నారు. ఎడారి ఓడ అని ఒంటెకు పిల్లలచేత పేరు వల్లె వేయిస్తాము గదా, ఆ ఓడ నిజంగానే సముద్రంలో దిగినదని తెలిస్తే వారెంత సంబరపడతారు!

ఒడ్డున నిలిచిన ముసలి కాపరిని మా బండి తోలే అబ్బాయి సాయంతో పలుకరించినాను. ఆయన కచ్ఛీలో చెప్పినది ఆ అబ్బాయి హిందీలోకి మార్చినాడు. “మాస్టర్‌జీ, నేలమీది మేత ఇవి కొన్నాళ్ళు తింటాయి. కాని ఉప్పుమేత లేకపోతే వీటికి ఒంట్లో బాగుండదు. ఒక దీవిలో కొన్నాళ్ళు మేపి, చెట్టు చిగిర్చేదాకా దానిని వదిలి మరొక దీవికి తోలుతాము. చెట్టు ఉంటే ఒంటె ఉంటుంది. ఒంటె ఉంటే మేము ఉంటాము.” ఆ మాటలో వేదాంతం ఏమీ లేదు. ఇల్లు గడిచే లెక్క ఉన్నది. మనిషి లేకపోవడం వల్ల కాక, మనిషి హద్దెరిగి బ్రతకడం వల్ల మిగిలిన ప్రకృతిని నేను ఆ దీవులలో చూచినాను. లఖ్‌పత్ నిశ్శబ్దానికీ కోరి పాయ నిశ్శబ్దానికీ ఉన్న భేదం ఇదే. అక్కడ జీవనం తెగిపోయినది. ఇక్కడ జీవనం అలికిడి లేకుండా సాగుతున్నది.

అయితే ఈ రెండవ నిశ్శబ్దం ఎంతకాలం నిలుస్తుంది? గుజరాత్‌లోని మడ అడవులలో అధికభాగం కచ్ఛ్ తీరంలోనే ఉన్నది. ఉప్పుమళ్ళ కోసం, రేవుల కోసం ఒక గట్టు వేస్తే చాలు, వెనుక ఉన్న మడకు పోటునీరు అందదు. చెట్టు నరకకుండానే చస్తుంది. ఇది మోరా అడ్డుకట్టకు తమ్ముడే. చింకారా జింకల కోసం 1981లో ఏర్పరచిన నారాయణ సరోవర అభయారణ్యం విస్తీర్ణం సుమారు 765 చదరపు కిలోమీటర్లు. 1995లో దానిని సుమారు 444కు తగ్గించినారు. ఆ నేలలో సున్నపురాయి, లిగ్నైటు ఉండడమే జింకల దురదృష్టం.

ఇక్కడ నాకు ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. “మీరు నాలుగు రోజులు చూచి వచ్చి, ఆ సీమ అట్లాగే ఉండవలెనంటారు. అక్కడివారికి రోడ్డు వద్దా, పని వద్దా?” అని. ఆక్షేపణ న్యాయమైనదే. అదే కచ్ఛ్‌లో ధోర్డో అనే గ్రామం రణ్ ఉత్సవం వల్ల ప్రసిద్ధి పొంది, 2023లో ప్రపంచ పర్యాటక సంస్థచేత ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తింపు పొందినది. అక్కడి స్త్రీల అల్లికపనికి, అద్దాల కుట్టుపనికి కొనేవారు ఇంటి ముంగిటికి వస్తున్నారు. అది కాదనడానికి నేనెవరిని? 2022లో నర్మదా జలాలను తెచ్చే కచ్ఛ్ శాఖాకాలువ మాండవి తాలూకా దాకా వచ్చినది. దాహంతో ఉన్న నేలకు నీరు రావడం శుభమే. ఆ నీటి కోసం మరొక లోయలో ఊళ్ళు మునిగిన సంగతి కూడ మన పిల్లలకు చెప్పినపుడే ఆ పాఠం పూర్తి అవుతుంది.

కనుక ‘ఎవరూ పోవద్దు’ అనడం నా మతం కాదు. పోవలసిన తీరు మారవలెనని నా మనవి. అక్కడికి పోయేవారు కొద్దిమందిగా పోవలెను. పల్లెవాసుల ఇంట బస చేసి, వారు వండినది తిని, దాని వెల వారి చేతిలోనే పెట్టవలెను. వసతిగృహాలు కట్టదలచినవారు మడ అడవికీ పోటునీటికీ అడ్డురాని చోట కట్టవలెను. కోటను ఎవరు కట్టించినదీ చెప్పే పలకకంటె, ఆ కోటకు నీరు ఎందుకు రాకపోయినదో చెప్పే పలక ఎక్కువ అవసరం. ఒంటెల దారి మూయని అభివృద్ధి ఏదైనా సరే, నాకు సమ్మతమే. యాత్రికుని కోసం దృశ్యాన్ని కాపాడి, కాపరికి దారి మూసివేస్తే, కొన్నాళ్ళకు ఆ దృశ్యమూ మిగలదు.

ఇంటికి తిరిగి వస్తుండగా రైలులో నా ఆలోచన మన తీరం మీదికి పోయినది. 1244-45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి నేడు ఒక చిన్న పల్లె. ఓడలకు పేరుపొందిన కోరంగిని 1839 నాటి తుపాను ధ్వంసం చేసినది. కాని కోరంగిలో మడ అడవి ఉన్నది. గోదావరి తెచ్చే మంచినీరు, ఒండ్రు దానికి ప్రాణం. మనం మాత్రం వరద వచ్చిన ప్రతి ఏడూ ఒక మాట వింటాము, మనమూ అంటాము: “ఇంత నీరు వృథాగా సముద్రం పాలవుతున్నది.” నేనూ ఎన్నోసార్లు అన్నాను. లఖ్‌పత్ బురుజు ఎక్కిన తరువాత ఆ మాట నా నోట రాదు.

నేను ఆనకట్టలకు విరోధిని కాను. 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి. పొలానికి నీరు కావలెను, పట్టణానికి నీరు కావలెను. కాని సముద్రానికి కూడ నదిలో ఒక వాటా ఉన్నది. ఆ వాటా అందినంతవరకే డెల్టా డెల్టాగా ఉంటుంది, మడ మడగా ఉంటుంది, ఉప్పునీరు తన హద్దులో తాను ఉంటుంది. ఆ వాటాను పూర్తిగా ఎగవేస్తే ఏమవుతుందో తెలియడానికి వేరే గ్రంథాలు అక్కరలేదు. ఏడు కిలోమీటర్ల కోటగోడ నడుమ ముళ్ళచెట్లు మొలిచి ఉన్నవి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. విహారయాత్ర అంటే ఉద్యానవనాలు, జలక్రీడాస్థలాలే కానక్కరలేదు. కచ్ఛ్ దాకా పోలేకపోతే మోటుపల్లికి పోండి, కోరంగికి పోండి. పిల్లలను ఒడ్డున నిలబెట్టి, చరవాణిలో బొమ్మ తీసికొనే ముందు ఒక ప్రశ్న అడగనీయండి: “ఇక్కడ ఇంత నిశ్శబ్దం ఎందుకు ఉన్నది?” చరిత్ర మాస్టారు ఒక జవాబు చెపుతారు, భూగోళం మాస్టారు మరొకటి చెపుతారు, తెలుగు మాస్టారు ఆ ఊరి పేరు విప్పి చెపుతారు. ఈ మూడింటిని కలిపి ఒక పుటలో వ్రాయమంటే, పరీక్షకు పనికివచ్చినా రాకపోయినా, ఆ విద్యార్థికి జీవితాంతం పనికివచ్చే వ్యాసం అవుతుంది.

నా భార్య అడిగిన ప్రశ్నకు బురుజు మీద నేను జవాబు చెప్పలేకపోయినాను. లోపలివాళ్ళంతా ఎక్కడికి పోయినారు? నీరు పోయినచోటికే పోయినారు. మన పిల్లలకు ఆ ప్రయాణం తప్పవలెనని కోరుకొనేవారందరూ ఆ బురుజును ఒక్కసారి ఎక్కి రావలెను.